కొలవడం వేరు, గమనించడం వేరు: కణ డిటెక్టర్ల కాపలా వ్యవస్థలు

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి యంత్రాల కాపలా కొత్త కాదు. సీపీయూ మీద భారం ఎంత, మెమరీ ఎంత మిగిలింది, డిస్కు నిండిందా అని చూపించే తెరలు, హద్దు దాటగానే అర్ధరాత్రి మోగే ఫోను - ఇవన్నీ మనకి రోజూ ఉన్నవే. ఇప్పుడు ఆ సర్వర్ల గది స్థానంలో మరో యంత్రాన్ని ఊహించుకోండి. దాని బరువు 14 వేల టన్నులు. అది భూమికి సుమారు 100 మీటర్ల లోతున, గుహలాంటి హాల్లో ఉంది. నడుస్తున్నంతసేపూ లోపలికి మనిషి అడుగు పెట్టడానికి వీల్లేదు. లోపల రేడియేషను, భూమి అయస్కాంత క్షేత్రం కన్నా దాదాపు లక్ష రెట్లు బలమైన క్షేత్రం. పాడైతే మార్చుకోవడానికి రెండోది లేదు; ప్రపంచం మొత్తానికి ఒక్కటే.

ఆ యంత్రం పేరు సీఎమ్ఎస్. జెనీవా దగ్గర, స్విట్జర్లాండు-ఫ్రాన్సు సరిహద్దు కింద సెర్న్ సంస్థ నిర్మించిన 27 కిలోమీటర్ల వలయం - లార్జ్ హాడ్రాన్ కొలైడర్, క్లుప్తంగా ఎల్‌హెచ్‌సీ - మీద ఉన్న నాలుగు పెద్ద డిటెక్టర్లలో ఇదొకటి. తక్కినవి అట్లాస్, ఆలిస్, ఎల్‌హెచ్‌సీబీ. సీఎమ్ఎస్‌లో బయటి హాడ్రాన్ కెలోరీమీటరు అనే భాగం నిర్మాణంలో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చి పాలుపంచుకుంది. 2017లో భారతదేశం సెర్న్‌లో అనుబంధ సభ్యదేశమయ్యింది కూడా.

ఈ డిటెక్టర్లు కనిపెట్టిన కణాల గురించి చాలామంది రాశారు. ఈ వ్యాసంలో మనం చూడబోయేది వాటిని బతికించి ఉంచే నియంత్రణ, పర్యవేక్షణ వ్యవస్థల గురించి. భౌతికశాస్త్రం రాకపోయినా ఫరవాలేదు. ఇందులో ఉన్నవి ముప్పాతిక మువ్వీసం మనకి తెలిసిన సమస్యలే, కాకపోతే పరిమాణం పెద్దది.

రెండు రకాల డేటా

ముందుగా ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. డిటెక్టరు నుంచి రెండు ప్రవాహాలు పైకి వస్తాయి. మొదటిది కణాలు ఢీకొన్నప్పుడు పుట్టే డేటా. ఇది సెకనుకి కోట్ల సార్లు జరిగే వ్యవహారం; దీన్ని ఏరి దాచే వ్యవస్థ వేరే ఉంది. రెండోది డిటెక్టరు ఆరోగ్యం గురించిన డేటా: ఉష్ణోగ్రత, తేమ, వోల్టేజి, కరెంటు, వాయువుల పీడనం, చల్లబరిచే ద్రవం ప్రవాహం. దీనికి సెకను, రెండు సెకన్ల వేగం చాలు. అందుకే భౌతికశాస్త్రజ్ఞులు దీన్ని ‘స్లో కంట్రోల్’ అనేవారు. పేరులో స్లో ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. సీఎమ్ఎస్‌లో ఇలా కనిపెట్టి చూడాల్సిన విలువలు పది లక్షల స్థాయిలో ఉంటాయి.

ఇన్ని ఎందుకు? రెండు ఉదాహరణలు చూద్దాం.

కాంతికణాల శక్తిని కొలవడానికి సీఎమ్ఎస్‌లో 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు ఉన్నాయి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే స్ఫటికం ఇచ్చే వెలుగు సుమారు 2 శాతం తగ్గుతుంది. చాలా స్ఫటికాలకి వెనక అతికించిన ఫోటోడయోడు స్పందన కూడా దాదాపు అంతే తగ్గుతుంది. రెండూ కలిపితే 4 శాతం. 2012 జూలైలో ప్రకటించిన హిగ్స్ కణం ఆచూకీ దొరికిన దారుల్లో ఒకటి, అది రెండు కాంతికణాలుగా విడిపోవడం. దాని ద్రవ్యరాశి సుమారు 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. ఎవరూ గమనించకుండా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే, 125 దగ్గర కనిపించాల్సిన శిఖరం 5 ప్రమాణాలు పక్కకి జరిగిపోతుంది! అందుకే అక్కడ 18 డిగ్రీల ఉష్ణోగ్రతని డిగ్రీలో ఇరవయ్యో వంతుకి మించి కదలకుండా పట్టి ఉంచుతారు.

రెండో ఉదాహరణ సిలికాన్ ట్రాకరు. రేడియేషను వల్ల సిలికాన్ క్రమంగా పాడవుతుంది. చల్లగా ఉంచితే ఆ చెరుపు నెమ్మదిస్తుంది. కానీ చల్లటి వస్తువు చుట్టూ గాలి తడిగా ఉంటే ఏమవుతుందో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాని అడగండి. వందల వోల్టులు పారే చోట ఆ చెమ్మ పడితే అంతే సంగతులు. తేమ ఇబ్బంది వల్లనే సీఎమ్ఎస్ ట్రాకరుని మొదటి విడతలో 4 డిగ్రీల శీతలద్రవంతో సరిపెట్టుకుని నడిపారు. 2013-14 విరామంలో తేమ చొరబడకుండా కంతలన్నీ మూసి, పొడిగాలి ఏర్పాటు పెంచాక, 2015 నుంచి మైనస్ 15 డిగ్రీలకి దింపగలిగారు. అంటే ఇక్కడ తేమ సెన్సరు ఇచ్చే అంకె అలంకారానికి కాదు. డిటెక్టరు ఎన్నేళ్ళు బతుకుతుందో దాని మీద ఆధారపడి ఉంది.

కింది అంతస్తు: సెన్సర్లు, తీగలు

ఈ వ్యవస్థని మూడంతస్తుల మేడగా ఊహించుకోవచ్చు. కింది అంతస్తులో సెన్సర్లు, విద్యుత్ సరఫరా పెట్టెలు, పీఎల్‌సీలు ఉంటాయి. పీఎల్‌సీ అంటే కర్మాగారాల్లో యంత్రాలని నడిపే చిన్న, మొండి కంప్యూటరు. పెద్ద పనులు రావు, కానీ ఇచ్చిన పని ఏళ్ళ తరబడి ఆగకుండా చేస్తుంది.

బజారులో దొరికే పరికరాలు ఈ గుహలో బతకవు. రేడియేషను వాటి మెమరీలో బిట్లని తిరగేస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ట్రాన్స్‌ఫార్మర్లు సరిగా పనిచెయ్యవు. అందుకని అట్లాస్ బృందం ఈఎల్ఎమ్‌బీ అనే చిన్న బోర్డుని ప్రత్యేకంగా తయారు చేసుకుంది. అరచేతిలో పట్టే ఆ బోర్డు 64 సెన్సర్లని చదవగలదు. అట్లాస్‌లో ఇలాంటివి 5 వేలకి పైగా అమర్చారు. ఇవి మాట్లాడుకునేది క్యాన్ బస్ అనే తీగ మీద. ఇది బాష్ కంపెనీ కార్ల కోసం రూపొందించినది. మీరు నడిపే కారులో కూడా ఉండి ఉంటుంది. పనికొచ్చే వస్తువు వేరే పరిశ్రమలో అప్పటికే ఉంటే దాన్నే తెచ్చుకోవడం, లేనప్పుడు మాత్రమే సొంతంగా చేసుకోవడం - సెర్న్ ఇంజనీర్లు పాటించిన సూత్రం ఇది.

నడిమి అంతస్తు: స్కాడా

అదే సూత్రం సాఫ్ట్‌వేరుకి కూడా వర్తించింది. 1990ల చివర్లో నాలుగు ప్రయోగాల వాళ్ళూ, సెర్న్ కంట్రోల్స్ ఇంజనీర్లూ కలిసి జేకాప్ అనే ఉమ్మడి ప్రాజెక్టు పెట్టుకున్నారు. ఎవరికి వారు రాసుకుంటే నాలుగు వ్యవస్థలు, నలభై తలనొప్పులు. అందుకని బజారులో ఉన్న స్కాడా ఉత్పత్తులని బేరీజు వేసి, ఆస్ట్రియాకి చెందిన ఈటీఎమ్ కంపెనీ వారి పీవీఎస్ఎస్‌ని ఎంచుకున్నారు. 2007లో ఆ కంపెనీని సీమెన్స్ కొన్నది. తరవాత ఆ ఉత్పత్తికి విన్‌సీసీ ఓపెన్ ఆర్కిటెక్చర్ అని పేరు మారింది.

దీని నిర్మాణం మనలాంటి వాళ్ళకి ఆసక్తికరంగా ఉంటుంది. ఒకే పెద్ద ప్రోగ్రాము కాకుండా, ‘మేనేజర్లు’ అనే విడివిడి ప్రాసెసులు ఉంటాయి. పరికరాలతో మాట్లాడే డ్రైవర్లు, స్క్రిప్టులు నడిపేవి, తెరలు చూపించేవి, చరిత్ర దాచేవి. మధ్యలో ఈవెంట్ మేనేజరు. ఎవరికి ఏ విలువ కావాలో ముందే చెప్పుకుంటే, అది మారినప్పుడు మాత్రమే కబురు పంపుతుంది. పదేపదే వెళ్ళి ‘మారిందా, మారిందా’ అని అడిగే పని లేదు. ఇలాంటి వ్యవస్థలు వందకి పైగా కంప్యూటర్ల మీద నడుస్తూ, ఒకదానితో ఒకటి కలిసి ఒకే వ్యవస్థలా కనిపిస్తాయి.

‘మారినప్పుడు మాత్రమే’ అన్న మాట ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. పది లక్షల విలువలు, సెకనుకి ఒకసారి చొప్పున, రోజుకి 86,400 సెకన్లు. మొత్తం రోజుకి 8,640 కోట్ల రికార్డులు! వీటిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ‘నిన్నటి లాగే ఉన్నాను’ అని చెప్పేవే. కనుక ప్రతి విలువకీ ఒక చలన పరిమితి పెడతారు. ఉష్ణోగ్రత 18.00 నుంచి 18.01 అయితే పట్టించుకోరు, 18.05 అయితే రాసుకుంటారు. ఈ పరిమితి ఎంత ఉండాలన్నది సాఫ్ట్‌వేరు వాళ్ళు తేల్చే విషయం కాదు, స్ఫటికం తెలిసినవాళ్ళు తేల్చాలి. మరీ చిన్నదైతే డేటాబేసు మునిగిపోతుంది, మరీ పెద్దదైతే రోగం కనబడదు.

ఇక్కడే ఒక గుంట ఉంది. తీగ తెగిపోయిన సెన్సరు కొత్త విలువేమీ పంపదు. తెర మీద మాత్రం ఆఖరి విలువ అలాగే నిలిచి ఉంటుంది, చక్కగా, ఆకుపచ్చగా. మారని విలువకీ, చచ్చిపోయిన విలువకీ తేడా ఎలా తెలుస్తుంది? అందుకని ప్రతి విలువతో పాటు అది ఎప్పటిది, నమ్మదగినదేనా అనే గుర్తులు కూడా ప్రయాణించాలి. పరికరం బతికే ఉందని చెప్పే నాడి లాంటి సంకేతం విడిగా రావాలి. కబురు లేదంటే క్షేమమని మన పెద్దవాళ్ళు సరిపెట్టుకునేవారు కానీ, ఇక్కడ ఆ మాట చెల్లదు.

పై అంతస్తు: స్థితియంత్రం

పది లక్షల విలువలని మనిషి చూడలేడు. పై అంతస్తులో వాటిని కుదించాలి. దానికి వాడేది మనం కాలేజీలో చదువుకున్న ఫైనైట్ స్టేట్ మెషీనే. దీని కోసం వాడిన ఎస్ఎమ్ఐ అనే పరికరం ఎల్‌హెచ్‌సీకి ముందు తరం ప్రయోగమైన డెల్ఫీలో పుట్టింది.

తుఫాను వస్తోందన్నప్పుడు మన జిల్లాల్లో ఏం జరుగుతుందో తలుచుకోండి. కలెక్టరు గారు ఒక్కొక్క ఊరికీ ఫోను చెయ్యరు. ‘సిద్ధం కండి’ అన్న ఆదేశం డివిజనుకి, అక్కణ్ణుంచి మండలానికి, అక్కణ్ణుంచి గ్రామానికి దిగుతుంది. సమాచారం అదే నిచ్చెన మీద పైకి ఎక్కుతుంది. ‘మా మండలం సిద్ధం’ అన్న ఒక్క మాట వెనక ఇరవై గ్రామాల లెక్క ఉంటుంది. డిటెక్టరులో కూడా అంతే. ఆదేశాలు కిందికి, స్థితులు పైకి. ప్రతి కొమ్మకీ తన కింది కొమ్మలతోనే సంబంధం. సీఎమ్ఎస్‌లో అన్ని భాగాలకీ ఉమ్మడిగా ‘ఆఫ్’, ‘స్టాండ్‌బై’, ‘ఆన్’, ‘ఎర్రర్’ లాంటి కొద్ది స్థితులే పెట్టుకున్నారు. కింద ఎంత వైవిధ్యం ఉన్నా పైన ఒకే భాష.

వినడానికి తేలికే. డిజైను చేసేటప్పుడు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి.

ఒకటి: సీఎమ్ఎస్ సిలికాన్ పట్టీల ట్రాకరులో 15,148 మాడ్యూళ్ళు ఉన్నాయి. వాటిలో మూడు పనిచెయ్యకపోతే ట్రాకరు స్థితి ఏమిటి? ‘ఎర్రర్’ అంటే ఆ తెర ఏ రోజూ పచ్చగా ఉండదు. ‘ఆన్’ అంటే మూడు మూడొందలైనా తెలియదు. కనుక ఫలానా శాతం దాటితే ఆన్, ఫలానా శాతం తగ్గితే ఎర్రర్ అని లెక్క పెట్టాలి.

రెండు: నడుస్తోందా అన్నదీ, ఆరోగ్యంగా ఉందా అన్నదీ ఒకే ప్రశ్న కాదు. జ్వరంతోనే ఆఫీసుకి వచ్చిన మనిషి హాజరయినట్టే, కానీ బాగున్నట్టు కాదు. అట్లాస్ వాళ్ళు అందుకే ప్రతి కొమ్మకీ రెండు విలువలు పెట్టారు. మొదటిది ఏ దశలో ఉందో చెబుతుంది, రెండోది ఎలా ఉందో చెబుతుంది.

మూడు: అధికారం ఎవరిది? ఒక నిపుణుడు తన భాగాన్ని మరమ్మతు చేస్తుంటే, పై నుంచి ‘అందరూ ఆన్’ అన్న ఆదేశం అక్కడికి రాకూడదు. ఆ కొమ్మని చెట్టు నుంచి తాత్కాలికంగా విడదీసి అతని చేతికిచ్చి, పని అయ్యాక మళ్ళీ కలుపుకునే ఏర్పాటు ఉండాలి. ఏ సమయంలోనైనా ఒక కొమ్మకి యజమాని ఒక్కరే.

ఈ చెట్టు ఎల్‌హెచ్‌సీ యంత్రంతో కూడా మాట్లాడుతుంది. వలయంలోకి కొత్తగా కణాలని ఎక్కించే సమయం ప్రమాదకరమైనది. అప్పుడు ట్రాకరు లాంటి సున్నితమైన భాగాలు హై వోల్టేజి దించుకుని కూర్చుంటాయి. పుంజం స్థిరపడిందని యంత్రం వాళ్ళు ప్రకటించాకే పైకి లేపుతారు. మొదట్లో మనుషులు మీట నొక్కి చేసిన ఈ పనిని తరవాత సీఎమ్ఎస్ ఆటోమేట్ చేసింది. దానివల్ల కొద్ది నిమిషాలు కలిసొస్తాయి. ఆ నిమిషాల్లో జరిగే ఘట్టనలు మళ్ళీ రావు.

కాపలావాడికి కాపలా

ఇంతటి సాఫ్ట్‌వేరు ఉంది కదా, డిటెక్టరు భద్రత దానికే అప్పజెప్పవచ్చా? అప్పజెప్పలేదు. ఈ డిజైనులో నాకు బాగా నచ్చింది ఇదే.

భద్రత విడివిడి వ్యవస్థలుగా ఉంది. ఇప్పటివరకూ చెప్పుకున్నది డిటెక్టరుని సజావుగా నడిపే వ్యవస్థ. చిన్న చిన్న లోపాలని అదే సర్దుతుంది. దానికి వేరుగా డిటెక్టర్ సేఫ్టీ సిస్టం అని మరొకటి ఉంది. పీఎల్‌సీల మీద నడిచే దీనికి సొంత సెన్సర్లు, సొంత తీగలు. కంప్యూటర్లు, నెట్‌వర్కు అన్నీ పడిపోయినా కూడా శీతలద్రవం ఆగిందని తెలియగానే కరెంటు తీసెయ్యగలదు. మూడోది మనుషుల ప్రాణాలకి సంబంధించినది: మంటలు, వాయువుల లీకు. ఇది మోగితే కబురు నేరుగా సెర్న్ అగ్నిమాపక దళానికి వెళుతుంది.

సేఫ్టీ వ్యవస్థలో ఇంకో నియమం ఉంది. అంతా బాగుంటేనే తీగలో సంకేతం ఉంటుంది; సంకేతం పోతే ప్రమాదం కింద లెక్క. తీగ తెగినా, పెట్టె చెడినా అనుమానం ప్రమాదం వైపే మొగ్గుతుంది.

అంతకన్నా వేగంగా కదలాల్సిన చోట పీఎల్‌సీ కూడా చాలదు. కణపుంజం వలయం చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 89 మైక్రోసెకన్లు పడుతుంది. అది దారి తప్పితే డిటెక్టరు మధ్యభాగం కాలిపోవచ్చు. అందుకని పుంజం గొట్టం పక్కనే వజ్రపు సెన్సర్లు పెట్టారు. అవి హద్దు దాటిన రేడియేషనుని చూడగానే, ఏ ఆపరేటరునీ అడక్కుండా, నేరుగా హార్డ్‌వేరు ద్వారా పుంజాన్ని పక్కకి మళ్ళించమని చెబుతాయి. కొద్ది చుట్లలోనే పుంజం ఖాళీ అవుతుంది.

అడగని ప్రశ్న

ఇంత చెప్పుకున్నాక, కొలవడానికీ గమనించడానికీ మధ్య దూరం ఎంతో చూపించిన సంఘటన ఒకటి చెప్పుకోవాలి. ఇది డిటెక్టరుది కాదు, దాని పక్కనున్న ఎల్‌హెచ్‌సీ యంత్రానిది. పాఠం మాత్రం ఇద్దరిదీ.

2008 సెప్టెంబరు 10న ఎల్‌హెచ్‌సీలో మొదటిసారి పుంజం తిరిగింది. తొమ్మిది రోజులకి, సెప్టెంబరు 19న, ఒక సెక్టారులో అయస్కాంతాలకి కరెంటు పెంచుతుండగా, 8,700 ఆంపియర్ల దగ్గర రెండు అయస్కాంతాల మధ్య తీగల అతుకు ఒకటి విఫలమయ్యింది. మెరుపు లాంటి ఆర్కు పుట్టి హీలియం తొట్టికి కన్నం పడింది. దాదాపు 6 టన్నుల హీలియం బయటికి పోయింది. ఆ పీడనానికి టన్నుల బరువున్న అయస్కాంతాలు నేలలోని బిగింపుల నుంచి ఊడి జరిగాయి. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. 53 అయస్కాంతాలని పైకి తీసుకురావాల్సి వచ్చింది. మళ్ళీ పుంజం తిరిగింది 2009 నవంబరులో.

అతుకులని చూసే రక్షణ వ్యవస్థ లేదా? ఉంది. కానీ దాని హద్దు 1 వోల్టు. మరమ్మతు తరవాత పెట్టిన కొత్త వ్యవస్థ హద్దు 0.3 మిల్లీవోల్టు. ఎంత తేడానో చూడండి.

అంతకన్నా ముఖ్యమైన సంగతి దర్యాప్తులో బయటపడింది. ప్రమాదానికి కొన్ని రోజుల ముందు అదే సెక్టారులో 7 వేల ఆంపియర్ల దగ్గర చేసిన పరీక్ష తాలూకు ఉష్ణోగ్రతల రికార్డులు తిరగేస్తే, ఆ అతుకు ఉన్న చోట డిగ్రీలో కొన్ని వందో వంతులు వేడి పెరిగినట్టు కనిపించింది. సెన్సరు పనిచేసింది. విలువ డేటాబేసులోకి చేరింది. కానీ ఆ సెన్సర్లు పెట్టింది శీతలీకరణ నడపడానికి. వాటిని చూసి అతుకుల మంచిచెడ్డలు చెప్పవచ్చునని అప్పటికి ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ప్రశ్న తెలిశాక అవే సెన్సర్లతో తక్కిన సెక్టార్లని పరీక్షిస్తే, మరో రెండు సెక్టార్లలో లోపమున్న అతుకులు దొరికాయి. కొత్త సెన్సరు ఒక్కటి కూడా పెట్టకుండానే!

మనకేమిటి?

మన సర్వర్లలో హీలియం లేదు. కానీ బ్యాంకు లావాదేవీలు, ఆసుపత్రి రికార్డులు, విమానం టికెట్లు నడిపే వ్యవస్థలు మన చేతుల్లో ఉన్నాయి. ఈ కథలోంచి రేపటి పనికి తీసుకెళ్ళదగినవి ఇవి.

మొదటిది, ప్రతి అలారానికీ ఒక పని జోడించి ఉండాలి. మోగినప్పుడు ఎవరు ఏం చెయ్యాలో రాయలేకపోతే అది అలారం కాదు, లాగ్‌లో రాసుకోవలసిన వాక్యం. ఒక విద్యుత్ పెట్టె పడిపోతే దాని కింద ఉన్న రెండువందల పరికరాలూ కలిసి కేకలు వేస్తాయి. రెండువందల కేకల్ని ఒక్క వాక్యంగా మార్చే పని డిజైనులోనే జరగాలి, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మనిషి బుర్రలో కాదు.

రెండోది, హద్దు దగ్గర ఊగిసలాడే విలువకి రెండు హద్దులు పెట్టండి. 20 దాటితే మోగాలి, 19.5కి దిగితేనే ఆగాలి. లేకపోతే గంటకి వందసార్లు మోగే గంటని మనుషులు వినడం మానేస్తారు.

మూడోది, నడిపే వ్యవస్థా కాపాడే వ్యవస్థా ఒకే సర్వరు మీద, ఒకే నెట్‌వర్కు మీద ఉంటే, కాపలావాడిని దొంగతో పాటు ఒకే గదిలో పెట్టి తాళం వేసినట్టే.

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైనది. ఇప్పటికే పోగేస్తున్న డేటాని మరో ఉద్దేశంతో చూడటం. ఏ అంకెని మనం ఒక పని కోసమే కొలుస్తున్నామో, అది ఇంకేదైనా చెబుతోందా అని అప్పుడప్పుడు ఒక పూట కూర్చుని చూడాలి. ప్రమాదం జరిగాక దర్యాప్తు బృందం చేసే పని అదే. దాన్ని ముందే చెయ్యడానికి కొత్త సాఫ్ట్‌వేరు కొనక్కర్లేదు. మీ లాగ్‌లు ముందు పెట్టుకుని, ‘ఈ వ్యవస్థ వచ్చే వారం కూలిపోతుందనుకుంటే, దాని ఆనవాలు ఈ రోజు ఏ అంకెలో కనిపిస్తుంది?’ అని అడిగి చూడండి.